బ్రసెల్స్ మాట, భీమవరం చెరువు

పట్టిసీమ రేవులో నిలబడ్డవాళ్ల చూపు ముందుగా గోదావరి మధ్యలో ఉన్న దేవకూట పర్వతం మీదికి, దాని మీది వీరభద్రస్వామి గుడి మీదికి పోతుంది. శివరాత్రికి పడవలెక్కి వచ్చే జనమంతా చూసేది ఆ కొండనే. 2015 నుంచి ఈ ఊళ్లో చూడవలసింది ఇంకొకటి చేరింది. ఒడ్డున 24 పంపులు వరసగా నిలిచి, గోదావరి నిండుగా ఉన్న రోజుల్లో సెకనుకు సుమారు 8,500 ఘనపుటడుగుల నీటిని ఎత్తి పోలవరం కుడి కాలువలో పోస్తాయి. ఆ నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. నారుమళ్లకు నీళ్లెప్పుడొస్తాయా అని చూసే కృష్ణా డెల్టా రైతుకు అది పెద్ద ఆసరా.

ఆ కాలువ వెనక ఒక పాత ఒప్పందం ఉంది. బచావత్ ట్రైబ్యునల్ గోదావరి జలాల మీద 1980లో తీర్పు ఇచ్చింది. నదీ తీర రాష్ట్రాలు అంతకుముందే తమలో తాము రాసుకున్న ఒప్పందాలను అందులో చేర్చింది. పోలవరం నుంచి 80 టీఎంసీలు కృష్ణకు మళ్లిస్తే ఆ లాభమంతా మళ్లించినవాళ్లకే చెందదు. 45 మనవి, 21 కర్ణాటకవి, 14 మహారాష్ట్రవి. ఆ రెండు రాష్ట్రాలూ ఆ మేరకు కృష్ణలో పైన వాడుకోవచ్చు. పట్టిసీమ నీటికీ ఇదే లెక్క వర్తిస్తుందని అవి అడుగుతూ వచ్చాయి. మన గడ్డ మీద, మన కరెంటుతో ఎత్తిన నీటిలో ఎక్కడో సాంగ్లీ వైపు రైతుకు వాటా ఏమిటని ఇక్కడివాళ్లకు అనిపించడం సహజం. అయితే ఆ వాటాకు ఒప్పుకోబట్టే గోదావరి మీద మన హక్కు కూడా కాగితం మీదికి ఎక్కింది. వదులుకున్నది వెంటనే కళ్లకు కడుతుంది. దక్కింది తెలియడానికి ఏళ్లు పడుతుంది.

కొంత వదులుకుని కొంత దక్కించుకునే ఇలాంటి ఒప్పందాల మీదే నిలిచిన ఐరోపా సమాఖ్య ప్రపంచ వ్యవహారాల్లో ఏ పాత్ర పోషిస్తోంది, ఎక్కడ తడబడుతోంది అని ఆలోచించడానికి పట్టిసీమ తగిన చోటే. ఇక్కణ్ణించి కిందికి గోదావరి పాయల వెంట పోతే ఐరోపా మనకు కొత్తదేమీ కాదు. పాలకొల్లులో, నరసాపురంలో డచ్చివాళ్ల గిడ్డంగులుండేవి. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లు బట్టల వ్యాపారం చేశారు. ఆ ఊరి పేరుతో ఒక రకం నేతబట్ట ప్రపంచ మార్కెట్లలో చలామణీ అయింది. యానాంలో ఫ్రెంచివాళ్లు కూచున్నారు. ఒకే నది చివర మూడు దేశాల జెండాలు, మూడు దేశాల తుపాకులు. అక్కడ వాళ్లు కొట్టుకుంటే ఇక్కడా కొట్టుకున్నారు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఇంగ్లీషు సేన, విజయనగరం ఆనంద గజపతిరాజు సేనతో కలిసి ఫ్రెంచి సేనను ఓడించింది. ఉత్తర సర్కారుల తలరాతను మార్చిన ఆ యుద్ధం ఐరోపా దేశాలు ఏడేళ్లపాటు సాగించిన పెద్ద పోరులో ఒక తునక. చందుర్తి పొలాల్లో చచ్చిపోయిన మన సిపాయిలకు ఆ తగాదాతో ఏ సంబంధమూ లేదు. ఐరోపా దేశాలు తమలో తాము శాంతిగా ఉండటం వాళ్ల ఇంటి వ్యవహారం మాత్రమే కాదని చెప్పడానికే ఇదంతా.

ఆ శాంతి ఉపన్యాసాలతో రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత, 1950 మే 9న ఫ్రాన్సు విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఒక ప్రతిపాదన చేశాడు. ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీల బొగ్గునూ ఉక్కునూ ఉమ్మడి అధికారం కింద పెడదామన్నాడు. తుపాకులూ ఫిరంగులూ తయారయ్యేది వాటితోనే. ఎవరి బొగ్గు ఎంత, ఎవరి ఉక్కు ఎంత అన్నది అందరికీ తెలిసేలా ఒకచోట పెడితే ఒకరికి తెలియకుండా ఇంకొకరు యుద్ధానికి సిద్ధం కాలేరు. 1951లో ఆరు దేశాలు పారిస్‌లో సంతకాలు చేశాయి. 1957 మార్చి 25న రోమ్‌లో ఆ ఆరే ఉమ్మడి మార్కెట్టుకు ఒప్పుకున్నాయి. నేడు సభ్యదేశాలు 27, జనాభా 45 కోట్లు, అధికార భాషలు 24. ఫ్రాన్సు, జర్మనీ మళ్లీ యుద్ధానికి దిగుతాయని ఇవాళ ఎవరూ అనుకోరు. 2012లో సమాఖ్యకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు కానీ, చందుర్తి ఉన్న నేల నుంచి చూస్తే అది అర్హతకు మించిన గౌరవం అనిపించదు.

యానాం సంగతి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. రోమ్ ఒప్పందం 1958 జనవరి 1న అమల్లోకి వచ్చేనాటికి యానాం పాలన భారతదేశం చేతికి వచ్చి మూడేళ్లు దాటింది. చట్టపరమైన హక్కు మాత్రం ఇంకా ఫ్రాన్సుదే. 1962 ఆగస్టు 16న అదీ మనకు సంక్రమించింది. అప్పుడు ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకోదలచినవాళ్లకు ఆరు నెలల గడువిచ్చారు. అలా ఉంచుకున్న కుటుంబాలు, సమాఖ్య పౌరసత్వం అన్నది పుట్టిన 1993 తర్వాత ఐరోపా పౌరులు కూడా అయ్యాయి. గోదావరి ఒడ్డున పుట్టి తెలుగు మాట్లాడే మనిషికి ఇరవై ఏడు దేశాల్లో ఎక్కడైనా ఉండే హక్కు వచ్చింది. కాకినాడ నుంచో తణుకు నుంచో జర్మనీలో చదువుకోవడానికి వెళ్లిన పిల్లలకు షెంగెన్ వీసా అంటే ఏమిటో తెలుసు. ఆ షెంగెన్ కూడా ఒక నది ఒడ్డు పల్లెటూరే. లక్సెంబర్గ్, ఫ్రాన్సు, జర్మనీల హద్దులు కలిసేచోట మోజెల్ నదిలో ఒక పడవ మీద కూచుని 1985 జూన్ 14న అయిదు దేశాలు ఆ ఒప్పందం చేసుకున్నాయి.

అయితే మన డెల్టాకు ఆ సమాఖ్య ఎదురయ్యేది వీసాల్లో కన్నా రొయ్యల్లోనే ఎక్కువ. భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు... వరిచేలు చెరువులుగా మారిన ఈ మండలాల్లో రైతు రాత్రిళ్లు ఏరేటర్ల చప్పుడు వింటూ నిద్రపోతాడు. చప్పుడు ఆగిందంటే లేచి కూచుంటాడు. కరెంటు పోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో చూసుకోవడం, కౌంట్ ఎంతకొచ్చిందో అంచనా వేసుకోవడం, పట్టుబడి రోజున ధర ఎలా ఉంటుందోనని గుబులుపడటం అతని జీవితం. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. 2009లో ప్రభుత్వం వెనామీ రొయ్యకు అనుమతి ఇచ్చాక సాగు మళ్లీ లేచింది. అప్పులూ వెంట పెరిగాయి.

ఆ భయంలోంచే మందుల షాపుల దారి మొదలైంది. రొయ్య చావకుండా ఏదో ఒకటి వెయ్యాలి. వేసిన వాటిలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్‌లు కూడా ఉన్నాయి. మనిషి ఎముకల్లో రక్తం తయారవడాన్నే ఆపేయగల మందు క్లోరాంఫెనికాల్. తిండికోసం పెంచే జీవులకు అది వాడకూడదని ఐరోపా సమాఖ్య 1994లోనే నిషేధించింది. రొయ్య కండలో ఎంత కనబడితే సరుకును ఆపాలన్న హద్దు ఇప్పుడు వంద కోట్ల భాగాలకు 0.15 భాగం. యంత్రం తప్ప మనిషి పట్టుకోగలిగిన లెక్క కాదిది.

సమాఖ్య బలం ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. మన కంటైనరు దిగేది బెల్జియం రేవులో కావచ్చు, స్పెయిన్‌లో కావచ్చు. ఒకచోట తప్పు బయటపడితే ఆ కబురు హెచ్చరికల వ్యవస్థ ద్వారా అన్ని సభ్యదేశాలకూ వెళుతుంది. ఈ గుమ్మం మూశారు, ఆ గుమ్మం తట్టి చూద్దాం అనడానికి వీల్లేదు. 1997లో మన శుద్ధి కర్మాగారాల శుభ్రత చాలదని సమాఖ్య భారత సముద్ర ఉత్పత్తులను కొన్ని నెలలపాటు ఆపేసింది. ఆ దెబ్బతో దేశంలోని ప్రాసెసింగ్ ప్లాంట్లు గచ్చుల దగ్గర నుంచి మంచు దాకా మార్చుకోవలసి వచ్చింది. 2016లో మన సాగు రొయ్యల మీద అపనమ్మకం పెరిగి, నూటికి పది సరుకులను పరీక్షించేవాళ్లు యాభైకి పెంచారు. పరీక్ష అంటే ఖర్చు ఒక్కటే కాదు. రేవులో రోజులు, శీతల గిడ్డంగి అద్దె, ఆగిపోయిన డబ్బు. ఆ భారమంతా చివరికి దిగేది చెరువు గట్టు మీద చెప్పే ధరలోకే. ఐరోపాకు పోయే సాగు రొయ్యకు పట్టుబడికి ముందే పరీక్ష పత్రం కావాలన్న నియమం ఇలాంటి ఒత్తిళ్ల వల్లే మన ఊళ్లలోకి వచ్చింది.

ఒక సైనికుడు రాలేదు, ఒక నౌక రాలేదు. సమాఖ్య కార్యాలయాలున్న బ్రసెల్స్‌లో రాసిన ఒక వాక్యం ఆకివీడు పక్క చెరువులో ఏ మందు పడాలో, ఏది పడకూడదో నిర్ణయించింది. మనమూ మన మంచికే దానిలో ఎక్కువ భాగం పాటిస్తున్నాం. ఆ మందులు చెరువులోంచి డ్రెయిన్లలోకి, అక్కణ్ణించి ఊళ్ల నీళ్లలోకి పోయేవి. రేపు మన పిల్లలకు జ్వరమొస్తే పనిచేయాల్సిన మందులు పనికిరాకుండా పోయేవి. నిజానికి ఈ నియమం మన ఇంట్లో మనమే ముందు రాసుకోవలసింది.

ఇంత పట్టు వాళ్లకు ఎలా వచ్చింది? ఆహార భద్రతలో, వాణిజ్యంలో ఆ దేశాలు తమ అధికారాన్ని నిజంగానే ఉమ్మడికి ఒప్పజెప్పాయి. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫ్రాన్సుకు ఒక మాట, ఇటలీకి ఒక మాట ఉండవు. సమాఖ్య తరఫున ఒకరే మాట్లాడతారు. సుంకాల గురించి బేరమాడే హక్కు పారిస్‌కు లేదు, బెర్లిన్‌కు లేదు, బ్రసెల్స్‌కే ఉంది. ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా జనాభా 2011 లెక్కల్లో 51 లక్షల పైచిలుకు. ఐర్లండ్ జనాభా 2022 లెక్కల్లో దాదాపు సరిగ్గా అంతే. ఒంటరిగా ఐర్లండ్ ఒక నియమం రాస్తే లోకంలో ఎవరు వింటారు? సమాఖ్యలో కూచుని రాస్తే మాత్రం అంతర్వేది దాకా వినబడుతుంది. బ్రిటన్ 2016లో విడిపోవాలని ఓటేసి బేరానికి కూచున్నప్పుడు, ఐర్లండ్ దీవిలో మళ్లీ సరిహద్దు గోడ లేవకూడదన్న డబ్లిన్ పట్టును మిగిలిన 26 దేశాలూ తమ పట్టుగా చేసుకున్నాయి. తనకన్నా పదింతలకు పైగా పెద్దదైన పొరుగుదేశం ముందు చిన్న దేశం తల వంచుకోలేదు. దశాబ్దాలపాటు బ్రసెల్స్‌కు ఇస్తూ వచ్చిన అధికారం ఆ ఒక్క సందర్భంలో ఐర్లండ్‌కు రక్షణై తిరిగివచ్చింది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. విదేశాంగ విధానంలో, రక్షణలో ఆ దేశాలు అధికారాన్ని ఇవ్వలేదు. ముఖ్యమైన ప్రతి నిర్ణయానికీ అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదంటే ఆగిపోతుంది. 2003లో ఇరాక్ మీద అమెరికా యుద్ధానికి వెళితే ఫ్రాన్సు, జర్మనీ వద్దన్నాయి. బ్రిటన్, స్పెయిన్, ఇటలీ అమెరికా పక్కన నిలిచాయి. ఐరోపా మాట ఏమిటని అడిగితే జవాబు లేదు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి వచ్చినప్పుడు మొదట ఒక్కమాట మీద నిలబడి ఆంక్షలు పెట్టారు. ఆ తర్వాత ప్రతి కొత్త విడతకూ హంగరీని ఒప్పించుకోవడమే పెద్ద పని అయింది. 2023 అక్టోబరు 27న గాజాలో వెంటనే కాల్పులు ఆగాలన్న తీర్మానం ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ముందుకు వస్తే సమాఖ్య దేశాల్లో ఎనిమిది అవునన్నాయి, నాలుగు కాదన్నాయి, పదిహేను ఎటూ చెప్పకుండా ఉండిపోయాయి. పిల్లలు చచ్చిపోతున్న వేళ శాంతి బహుమతి పొందిన సమాఖ్య మూడు ముక్కలైంది. రొయ్యలో వంద కోట్లలో ఒక వంతును పట్టుకోగల వ్యవస్థకు, అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఎదురైనప్పుడు చెప్పడానికి ఒక మాట లేకపోయింది. ఇందుకు ఆ దేశాలను ఎద్దేవా చేయాలని నాకు లేదు. ఎంత ఇచ్చుకుంటే అంతే గొంతు వస్తుందన్న సంగతికి ఇంతకన్నా బాధాకరమైన రుజువు ఉండదు.

తెలుగువాళ్లకు కలవడమూ తెలుసు, విడిపోవడమూ తెలుసు. రోమ్ ఒప్పందానికి అయిదు నెలల ముందు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంతకుముందు ఫిబ్రవరిలో ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఉద్యోగాలు, మిగులు నిధులు, మంత్రి పదవులు అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని నిక్కచ్చిగా అమలు చేయించే యంత్రాంగం మాత్రం లేకపోయింది. 1969, 1972 ఉద్యమాలు, ఆరు సూత్రాలు, చివరికి 2014 జూన్ 2. ఐరోపాలో మొదటినుంచీ లక్సెంబర్గ్‌లో ఒక న్యాయస్థానం ఉంది. దాని మాట సభ్యదేశాల చట్టాలకు పైన. న్యాయవ్యవస్థ విషయంలో ఆదేశం పాటించనందుకు 2021లో పోలెండ్ మీద ఆ కోర్టు రోజుకు పది లక్షల యూరోల జరిమానా వేసింది. కలిసి బతకడానికి ప్రేమాభిమానాలు చాలవు. ఇచ్చిన మాట తప్పితే అడిగే చోటు ఒకటి ఉండాలి. మన పెద్దల మంచితనాన్ని నేను శంకించడం లేదు. ఆ మంచితనానికి తోడుగా అలాంటి చోటు ఒకటి ఉండి ఉంటే మన చరిత్ర కాస్త వేరుగా నడిచేదేమోనని మాత్రం అనిపిస్తుంది. ఈరోజు కృష్ణ, గోదావరి బోర్డుల ముందు రెండు తెలుగు రాష్ట్రాలు పడుతున్న తిప్పలు చూస్తే ఆ లోటు ఇంకా తీరలేదనీ అనిపిస్తుంది.

ఐరోపా నియమాల్లో మనం ఒప్పుకోకూడనిది ఏమైనా ఉందా? ఉంది. వాళ్ల పరీక్ష రొయ్య కండలో ఏముందో చూస్తుంది, డ్రెయిన్‌లో ఏముందో చూడదు. తినేవాడు వాళ్లవాడు కాబట్టి అతని ఆరోగ్యం నియమంలో ఉంది. ఆ డ్రెయిన్ పక్క ఊరివాళ్లు మనవాళ్లు కాబట్టి వాళ్ల మంచినీళ్లు ఆ నియమంలో లేవు. 2016లో భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వస్తే గొంతేరు డ్రెయిన్ పాడవుతుందని చుట్టుపక్కల ఊళ్లు ఎదురుతిరిగాయి. ఆడవాళ్లు ముందు నిలబడ్డారు, కేసులు పడ్డాయి. ఆ ఉద్యమానికి బ్రసెల్స్ నియమావళిలో ఒక్క వాక్యం ఆసరా లేదు. అరకు కాఫీ విషయంలో ఇంకో రకం చిక్కు. అడవి నరికిన నేలలో పండిన కాఫీని కొనబోమని సమాఖ్య 2023లో చట్టం చేసింది. ఉద్దేశం మంచిదే. పంట పండిన ప్రతి తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపించాలి. పెద్ద ఎస్టేటుకు అది ఒక ఉద్యోగి పని. ఎకరం రెండెకరాల్లో మిరియాల తీగల మధ్య కాఫీ పెంచే గిరిజన రైతుకు, ఎవరో వచ్చి కొలిచిపెడితే తప్ప జరగని పని. అమలు తేదీని వాయిదా వేస్తూ వచ్చారు. రైతు తన గోడు చెప్పుకోవడానికి మాత్రం అక్కడ కుర్చీ లేదు. తమకు ఓటు లేని చోట రాసిన నియమాల కింద బతకడం వలస పాలన కాదు, నిజమే. అయినా ఈ డెల్టాలో, ఆ మన్యంలో దాని బరువు ఒక్కోసారి అలాగే ఉంటుంది.

బేరమాడే చోటికి మనం వెళుతూనే ఉన్నాం. భారత్, సమాఖ్యల మధ్య స్వేచ్ఛా వాణిజ్య చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగిపోయి, 2022లో మళ్లీ కదిలి, 2026 జనవరి 27న ఢిల్లీలో ముగిసినట్టు ప్రకటన వచ్చింది. దీనికి ముందటి ఏడాది ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసింది. మన రొయ్యకు అన్నిటికన్నా పెద్ద కొనుగోలుదారు అమెరికానే కావడంతో డెల్టా చెరువు గట్ల మీద ఆ వార్త పిడుగులా పడింది. ఆ తర్వాతి నెలలోనే మరో 102 భారత సముద్ర ఉత్పత్తుల యూనిట్లకు ఐరోపా ఆమోదం వచ్చింది. ఇక్కడ రెండు పెద్ద శక్తుల తీరులో తేడా కనబడుతుంది. ఒక దేశాధినేత నిర్ణయం రాత్రికి రాత్రి మారగలదు. 27 దేశాలు కలిసి రాసుకున్న నియమం మెల్లగా వస్తుంది, విసుగు పుట్టిస్తుంది, కానీ ఏడాది ముందే తెలుస్తుంది. మూడు నాలుగు నెలల పంట కోసం అప్పు తెచ్చి సీడ్ వదిలే రైతుకు, రేపు ఏం జరుగుతుందో ఇవాళ తెలియడాన్ని మించిన మేలు లేదు. ఐరోపా సమాఖ్య లోకానికి చేస్తున్న ఉపకారాల్లో ఈ నిలకడను నేను చాలా పైన పెడతాను.

మరి మన వైపు ఏముంది? సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది. 2014 ఖాట్మండు తర్వాత దాని శిఖరాగ్ర సభే జరగలేదు. భారత్, పాకిస్తాన్ ఒక గదిలో కూచోలేనంత కాలం అది కదలదని దక్షిణాసియాలో అందరూ ఒప్పుకున్నట్టే ఉన్నారు. షూమన్ ప్రతిపాదన చేసిన రోజుకి ఫ్రాన్సు, జర్మనీల యుద్ధం ముగిసి అయిదేళ్లే అయిందన్న సంగతి గుర్తుచేసుకుంటే, మన నిస్పృహ మరీ తొందరగా వచ్చేసిందేమో అనిపిస్తుంది. కానీ దాని కోసం ఎదురుచూస్తూ కూచోనక్కర్లేదు. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలకు బిమ్స్‌టెక్ అని ఒకటుంది. 1997లో బ్యాంకాక్‌లో మొదలైంది. బంగ్లాదేశ్, భూటాన్, భారత్, మయన్మార్, నేపాల్, శ్రీలంక, థాయ్‌లాండ్ సభ్యులు. కోరంగి రేవు నుంచి రంగూన్‌కు ఓడలెక్కి వెళ్లిన తాతల కాలంలో ఈ సముద్రం మనకు ఇరుగుపొరుగు వీధి. ఆ సంబంధం తెగి దాదాపు రెండు తరాలైంది. బిమ్స్‌టెక్‌కు నియమావళి రాసుకుని 2022లో సంతకాలు చేయడానికి పాతికేళ్లు పట్టింది. అది అమల్లోకి వచ్చింది 2024 మే 20న. 2025 ఏప్రిల్‌లో సముద్ర రవాణా మీద ఒప్పందం జరిగింది. నడక నెమ్మదే, దారి మాత్రం సరైనదే.

ఈ సముద్రం చుట్టూ రొయ్యల చెరువులే. కాకినాడ, నెల్లూరు తీరంలో ఉన్నట్టే బంగ్లాదేశ్‌లో ఖుల్నా వైపు, థాయ్‌లాండ్ తీరంలో, శ్రీలంకలో పుత్తలం దగ్గర ఉన్నాయి. తెల్లమచ్చ తెగులు హద్దులు చూసుకుని రాలేదు, అన్ని తీరాల్నీ కొట్టింది. రైతుల భయాలు ఒకటే, అప్పులు ఒకటే. బ్రసెల్స్‌కు మాత్రం ఎవరికి వారు వెళతారు. ఒకరి సరుకు ఆగితే ఇంకొకరి ధర పెరుగుతుంది కాబట్టి లోలోపల ఊరట కూడా పడతారు. అవతల కూచున్నది 27 దేశాల తరఫున ఒక్క గొంతు. ఇవతల నాలుగు గొంతులు, ఒకదాన్నొకటి తగ్గించుకుంటూ.

బొగ్గుతో వాళ్లు మొదలుపెట్టినట్టు మనం రొయ్యతో మొదలుపెట్టవచ్చు. ఉమ్మడి సైన్యాలు, ఉమ్మడి డబ్బు లాంటి పెద్ద మాటలు ఇప్పుడు అక్కర్లేదు. చెరువుల్లో వేయకూడని మందుల జాబితా ఈ నాలుగు దేశాల్లోనూ ఒకటే ఉండాలి. భీమవరంలో ఇచ్చిన పరీక్ష పత్రం ఖుల్నాలో, ఖుల్నాలో ఇచ్చింది భీమవరంలో చెల్లాలి. తెగులు ఎక్కడ కనబడినా ఆ కబురు రెండు రోజుల్లో అందరికీ చేరాలి. చెరువు నీరు డ్రెయిన్‌లోకి వదిలేముందు ఎంత శుభ్రంగా ఉండాలో ఒక్క ప్రమాణం రాసుకోవాలి. అది మన ఊళ్ల కోసం రాసుకునేది, ఐరోపా తినేవాడి కోసం కాదు. ఇందుకు మన ప్రభుత్వం, మన ఎగుమతి సంస్థలు, రైతు సంఘాలు కొంత స్వేచ్ఛ వదులుకోవాలి. ఢాకాలోని బిమ్స్‌టెక్ కార్యాలయం అడిగితే మన లెక్కలు విప్పి చూపాలి. తప్పు మనవైపు ఉందని తేలితే మన సరుకును మనమే ఆపుకోవాలి. కొచ్చిలోని సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ, కాకినాడ కేంద్రంగా చిన్న రైతులను సంఘాలుగా కూర్చే జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రం ఈ ముసాయిదా రాయగల అనుభవం ఉన్నవే. బిమ్స్‌టెక్ వ్యవసాయ సమావేశం మళ్లీ జరిగేలోగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ప్రతిపాదనను కేంద్రం ముందు పెట్టాలి. దాన్ని రాసేటప్పుడు రొయ్య రైతుతో పాటు డ్రెయిన్ పక్క ఊరివాళ్లనూ పిలిచి కూచోబెట్టాలి.